గంప బరువు

"మూడు రోజులు పరగడుపున పసరు పోయిస్తే పోయేదానికి రగతం తీయించడమేటి?" అని పొద్దుటి నుంచి తవిటమ్మది అదే పాట.

"పసరు పోయించి మీ అక్కని సాగనంపినావు, సాలదా?" అన్నాడు నారాయణమూర్తి వల చిరుగులు కుట్టుకుంటూ.

"దానికి ఆయుస్సు తీరి పోనాది. నీ నోటికే తీరదు."

కోడలు యమున గోడకు ఆనుకుని కూర్చుంది. రెండు రోజులుగా ఆమెకు మూత్రం టీ డికాషన్ రంగులో వస్తోంది. కామెర్లని అత్త తేల్చేసింది. శనివారం నాడు చేపలమ్ముకుని సంత నుంచి గంట ఆలస్యంగా వచ్చినందుకు మొగుడు ధనరాజ్ పడవ తెడ్డుతో ఆమె తొడల మీదా వీపు మీదా కొట్టిన సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. దానికీ దీనికీ లంకె ఉందని ఎవరికీ తట్టలేదు. యమునకూ తట్టలేదు.

చివరికి మామ మాటే నెగ్గింది. ధనరాజ్ ఆమెను బండి మీద నరసన్నపేట తీసుకెళ్లి రక్తం తీయించాడు. రిపోర్టు చూడగానే డాక్టరమ్మ అతన్ని తెర అవతలికి పంపి ఆమె ఒళ్లు చూసింది.

"కామెర్లు కావమ్మా. నలిగిన కండ రక్తంలో కలిసి కిడ్నీల్లోంచి పోతుంటే వచ్చే రంగది. కండ నలిగితే అందులోంచి రక్తంలోకి దిగే ఎంజైమ్ ఒకటుంటుంది. అది రెండొందలు దాటకూడదు. నీకు పద్నాలుగు వేలుంది. ఎవరు కొట్టారు?"

ఇన్నేళ్లలో ఆ మాట ఎవరూ అడగలేదు. యమున నోరు తెరిచింది. తెర కింద ధనరాజ్ చెప్పులు కనిపించాయి. ఇటే తిరిగి ఉన్నాయి.

"కొట్టడమేటమ్మా. సేపల గంప మోస్తాను. ముప్పై కేజీలుంటాది."

"గంప మోస్తే తొడలు నల్లబడతాయా?"

"పడిపోనాను."

డాక్టరమ్మ మరి రెట్టించలేదు. మూడు రోజులు సెలైన్లు ఎక్కించి, కిడ్నీలకు గండం తప్పిందని ఇంటికి పంపుతూ చీటీ మీద రాసింది. బరువులు మోయరాదు.

యమునకు ఆ గంప ఏనాడూ బరువనిపించలేదు. అది నెత్తికెక్కింది మొదలు మధ్యాహ్నం దిగేదాకా ఆమె మీద ఎవరి చెయ్యీ పడదు. సంతలో పక్కన కూర్చునే కూర్మమ్మతో కడుపారా నవ్వుతుంది కూడా. ఆ శనివారం ఆలస్యమైంది ఆ నవ్వుల్లోనే.

ఇంటికొచ్చిన మధ్యాహ్నం అందరికీ తనే వడ్డించింది. ధనరాజ్ జేబులోంచి చీటీ తీసి తండ్రి కంచం పక్కన పెట్టాడు. అన్నం కలుపుకుంటూ, మెల్లగానే చెప్పాడు.

"డాట్రమ్మే రాసిచ్చినాది, దీనికి బరువు పనికిరాదంట. గంప కూర్మమ్మకిచ్చేసినాను. రేపట్నించి యమున సంతకెళ్లదు. ఇంట్లోనే ఉంటాది."