అనసూర్య దిగని స్టేజీ

కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ల్యాబులో హుస్నాది రక్తం తీసే పని. పదహారేళ్లుగా పొద్దున ఆరున్నరకల్లా కూర్చోవడం, చాపిన చేతికి రబ్బరు పట్టీ కట్టడం, నరం వెతకడం, సూది గుచ్చడం, గొట్టం మీద పేరు రాయడం. రోజుకు వంద చేతులు. ఇంటికొచ్చాక భర్త ఫయాజ్ ఏమడిగినా "ఊఁ" అనేది. కూర ఉప్పగా ఉందో చప్పగా ఉందో తెలియడం మానేసి చాలా కాలమైంది.

కార్తీకంలో ఒక పొద్దున ఒక ముసలామె రక్తం తీసి, గొట్టం మీద చంద్రవ్వ అని రాసి, తలెత్తకుండానే తర్వాతి పేరు పిలిచింది. ముసలామె లేవలేదు.

"హుస్నా బిడ్డా, నన్ను గుర్తువట్టలేదా?"

జమ్మికుంటలో హుస్నా పుట్టింటి గోడ పక్క ఇల్లు చంద్రవ్వది. మగ్గానికి కండెలు చుట్టుకుంటూనే, తల్లి లేని ఆ పిల్లకు ఐదేళ్లపాటు జడలు వేసిన మనిషి. ఆ పేరు తన చేత్తోనే రాసి కూడా హుస్నా పోల్చుకోలేదు.

ఆదివారం జమ్మికుంట వెళ్లి ఆమె కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చింది. చంద్రవ్వ తల నిమిరింది.

"నన్ను మర్శినవని కాదు బిడ్డా నా రంది. నీ మొకంల నువ్వే లేవు. జర ఆగు, ఊపిరి తీస్కో."

ఇంటికొచ్చేసరికి ఫయాజ్ ఎవరిదో జాకెట్టు కుడుతున్నాడు.

"పని మానేస్త" అంది హుస్నా.

అతను మిషన్ ఆపాడు. "మానెయ్. ఫికర్ మత్ కర్. గానీ ఇంట్ల కూసుంటే ఇంకింత పరేషానైతవ్. బస్సెక్కు. ఏడ దిగబుద్ధయితే ఆడ దిగు."

"ఒక్కదాన్నా?"

"ఒక్కదానివే. నేనొస్తే నాకు చాయ్ పెట్టుకుంటనే ఉంటవ్."

ల్యాబులో చెప్పి మానేసింది. ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్లకు టికెట్ లేని బస్సెక్కి, చెన్నూరులో పిన్ని ముబీనా ఖాలా ఇంటికి చేరింది. నాలుగు రోజులు పడుకునే ఉంది. ఐదో రోజు చెప్పులు విడిచి గోదావరి ఇసుకలో నడిచింది. ఏమీ అనిపించలేదు. తప్పు చేశానేమో అనుకుంటూనే మర్నాడు ఆదిలాబాద్ వెళ్లింది. అక్కడ ఉండబుద్ధి కాక బోథ్ బస్సెక్కింది.

మెలకువ వచ్చేసరికి బస్సు బోథ్‌లో ఆగి ఉంది. తన తల ఎవరో ఆడమనిషి భుజం మీద ఉంది. ఆ చీర కొంగు తన చొంగతో తడిసింది. కండక్టర్ ఆమె మీద కేకలేస్తున్నాడు.

"నీ స్టేజీ ఎన్కనే పాయె గదనే అనసూర్యా!"

"ఎట్ల దిగాలె? నేను దిగితే ఈమె లేస్తది. సంటిపిల్ల లెక్క పండింది."

హుస్నా సిగ్గుతో చచ్చిపోయింది. "నన్ను లేపకపోయినవా అక్కా?"

"ఏం తొందర? పత్తి ఏడికన్న ఉరుకుతదా? చేన్లనే ఉంటది."

హుస్నాకు నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. అనసూర్య ఎవరివని అడగలేదు, ఎక్కడికని అడగలేదు. "తిన్నవా?" అంది. ఇద్దరూ ఎండలో మూడు కిలోమీటర్లు వెనక్కి, అనసూర్య ఊరికి నడిచారు. జొన్నరొట్టెలో పుంటికూర పెట్టిచ్చింది అనసూర్య. మొదటి ముక్కకే హుస్నాకు నాలుక జివ్వుమంది.

"పుల్లగున్నదక్కా!"

"పుంటికూర పుల్లగనే ఉంటది చెల్లె" అని అనసూర్య వింతగా చూసింది. హుస్నా ఇంకో రొట్టె అడిగింది.

మర్నాడు ఆమె వెంట పత్తి చేనుకు పోయింది. ఎండిన కాయల అంచులు వేళ్లు గీసేవి. ఆడవాళ్ల ఒడులు నిండేసరికి ఆమెది సగమైనా నిండేది కాదు. వాళ్లు నవ్వేవారు, ఆమె కూడా నవ్వేది. సాయంత్రం నడుము విరిగినట్టుండేది కానీ, ఆ అలసటకు హాయిగా నిద్ర పట్టేది. వాకిట్లో కూర్చుని ఫయాజ్‌కు ఫోన్ చేసి, చేలో ఎవరు ఏమన్నారో పూసగుచ్చినట్టు చెప్పేది. ఇప్పుడు "ఊఁ" అనడం అతని వంతయింది.

ఎనిమిదో రోజు ఫయాజ్ దుకాణం మూసి, అనసూర్యకు ఫోన్లో కొలతలు అడిగి కుట్టిన జాకెట్టుతో ఆమె ఇంటికొచ్చాడు. ఎండకు నల్లబడిన భార్యను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఇంటికొస్తవా?" అన్నాడు మెల్లగా.

"ఇంకో పది రోజులు. ఒద్దంటవా?"

"నేనెందుకంట? మాట్లాడు. అట్లనే మాట్లాడుకుంట ఉండు."

పది రోజులన్నది పత్తి ఏరడం అయిపోయేదాకా సాగి, రంజాన్ ముందర హుస్నా కరీంనగర్ తిరిగొచ్చింది. పాత ల్యాబు వాళ్లు రెండుసార్లు పిలిచినా పోలేదు. వారానికి నాలుగు రోజులు, కొత్తగా చేరిన అమ్మాయిలకు సూది పట్టడం నేర్పే పనిలో చేరింది. మిగిలిన మూడు రోజుల్లో ఎప్పుడు ఏ బస్సెక్కుతుందో ఫయాజ్‌కు కూడా చెప్పదు. అతను టిఫిన్ డబ్బాలో రొట్టెలు మాత్రం సర్ది ఉంచుతాడు.