ద్రౌపది పథ్యం

"పథ్యం లేని మందు మందెట్లయితది?" అంది రత్నమ్మ, కోడలు తెచ్చిన సీసాను వెలుతురుకు ఎత్తి చూస్తూ. "ఇది తినొద్దు, అది ముట్టొద్దు అని ఏం చెప్పలేదా? గట్లయితే గివి ఉత్త నీళ్లే. గీ నీళ్లకోసం అంత దూరం ఎందుకు పోవాలె? ఇగ పోకు."

ద్రౌపది వాకిట్లో కాళ్లు కడుక్కుంటోంది. నాందేడు జనానా దవాఖాన నుంచి స్టేషను పక్క రైల్వే క్వార్టర్ల దాకా నడిచొచ్చేసరికి ఆమెకు ఊపిరి అందడం లేదు. ఐదో నెల. పాదాలు వాచాయి. కనురెప్ప కిందికి లాగి చూస్తే లోపల ఎర్రదనమన్నదే లేదు. ఇంతకుముందు ఒక కడుపు మూడో నెలలోనే పోయింది. ఇంకొకడు నెలలు నిండి పుట్టి, ఏడవకుండానే పోయాడు. ఈసారి తల్లి కూడా దక్కేట్టు లేదని, దవాఖానలో బొంబాయి నుంచి వచ్చిన డాక్టర్ ఇందుబాయి మొహం మీదే చెప్పేసింది. కడుపుతో ఉన్న ఆడవాళ్ల రక్తం ఎందుకు పల్చబడుతుందో, ఏ మందుతో చిక్కబడుతుందో ఆమె పరిశోధన చేస్తోందట. వేలి కొన పొడిచి రక్తం బొట్టు తీసుకుంది, ఎర్రటి చేదు మందు సీసా చేతికిచ్చింది, రోజూ తాగమంది, నెలనెలా వచ్చి వేలు చూపించమంది. పథ్యమేమిటని ద్రౌపది అడగకపోలేదు. ధర్మాబాదు నుంచి వచ్చిన నర్సు భాగ్యవతి, "ఏం లేదక్కా, అన్నీ తినొచ్చు" అంది.

అన్నీ తినొచ్చునట. ఆ మాటకు ద్రౌపదికి అక్కడే నవ్వొచ్చింది. ఆ ఇంట్లో తెల్లవారకముందే లేచి జొన్నలు విసిరేది ఆమె. బావి నుంచి నీళ్లు మోసేది ఆమె. పొయ్యి ముందు కూర్చుని రొట్టె వెనక రొట్టె కొట్టేది ఆమె. మొదట మామకు వడ్డించాలి. తర్వాత మొగుడు పాండురంగానికి, స్టేషన్లో గూడ్సు గుమాస్తా కనుక అతనికి తొందర. వాళ్లిద్దరూ లేచాక అత్త కూర్చునేది. రత్నమ్మ దాకా వచ్చేసరికి పప్పు పల్చబడేది, ద్రౌపది దాకా వచ్చేసరికి గిన్నె మిగిలేది. దాన్ని చల్లారిన రొట్టె ముక్కతో తుడుచుకుని తిని, అదే గిన్నె తోముకునేది. ఎవరూ ఆమెను తినొద్దనలేదు సుమా. తిట్టలేదు, కొట్టలేదు. ఎప్పుడన్నా పాండురంగం "తిన్నవానే?" అని అడిగేవాడు కూడా. "తిన్న" అనేది. అతని మనసులో అదొక పెద్ద ప్రేమ. అందుకే ఆకలి అని ఎవరిమీద ఫిర్యాదు చెయ్యాలో ద్రౌపదికి తెలిసేది కాదు.

ఇప్పుడు అత్త ఆ సీసాను గూట్లో పెట్టకుండా చేతిలోనే తిప్పుతోంది. పారబోస్తుందేమోనని ద్రౌపది కాళ్లు కడగడం ఆపి చూసింది. దవాఖానకు పోవడం ఆగిపోతే ఈ బిడ్డా పోతుంది, తనూ పోతుంది. అంతవరకే ఆలోచించింది. తర్వాత నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఉన్నదత్తమ్మా, పథ్యం ఉన్నది."

"ఏంది?"

"పొద్దు నెత్తిమీదికి రాకముందే తినాల్నట. ఇంట్ల ఎవ్వరూ తినకముందు తినాల్నట. వేడి రొట్టె, గట్టిపప్పు, ఆకుకూర. మీదికెళ్లి పాలు తాగాల్నట."

"ఎవ్వరు తినకముందా? మగోళ్లు తినకముందా?"

"ఆ. ఒకరు తినంగ మిగిలింది తింటే మందు వికటిస్తదట."

ఎక్కడి నుంచి ఊడిపడ్డాయో ఆ మాటలు, అన్న మనిషికే తెలియలేదు. అబద్ధం ఆడాలని ఆమె అనుకోలేదు. అనుకుంటే ఇంత పెద్దది ఆడే ధైర్యం ఎక్కడిది? ఏదో ఒకటి వదిలెయ్యమనే పథ్యం చెప్తే సరిపోయేది, చింతపండు వద్దందనో, వంకాయ వద్దందనో. నోటికి అవి రాలేదు. పొట్టే మాట్లాడింది కాబోలు.

రత్నమ్మ చాలాసేపు ఆమె మొహంలోకి చూసింది. తర్వాత సీసాను దేవుడి గూటి పక్కన పెట్టింది. "గిది మందంటే," అంది. "నాలుగు కాన్పులైనయ్ నాకు. ఇద్దరు పోయిన్రు. ఒక్క వైద్యుడన్న గిసుంటి పథ్యం చెప్పలే నాకు."

మర్నాడు పాండురంగం పీట వేసుకుని కూర్చుంటే రత్నమ్మ లేపింది. పథ్యం విషయంలో రత్నమ్మ ఆషామాషీ మనిషి కాదు. మందు నమ్మినా నమ్మకపోయినా పథ్యాన్ని మాత్రం నమ్ముతుంది.

"ఆగురా. దాని మందు వేళ అయింది. అది తిన్నంక నువ్వు తిను."

"ఏందమ్మా గిది? నౌకరికి పొయ్యెటోడు కూసోవాలె, ఇంట్ల ఉన్నది ముందు తినాలెనా?"

"మందురా. వికటిస్తే నీకు పెండ్లాముండదు, పిల్లగాడుండడు. మొఖం కడుక్కొని రా పో."

ద్రౌపదికి మొదటి ముద్ద గొంతు దిగలేదు. మామ వసారాలో గొంతు సవరించుకుంటున్నాడు. మొగుడు గడప మీద కూర్చుని ఆమె విస్తరి వైపు చూసీ చూడనట్టు చూస్తున్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో వాళ్లెదురుగా ఆమె నోరు కదిపింది లేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. దొంగతనం చేస్తూ పట్టుబడ్డట్టుంది, పైగా అత్తే దగ్గర కూర్చుని ఇంకొంచెం దొంగిలించు అన్నట్టు పప్పు వేస్తోంది. తను ఆడిన అబద్ధాన్ని అత్త ఇంత భక్తిగా మోస్తుంటే పాపం చుట్టుకుంటుందా, పుణ్యం వస్తుందా? బిడ్డ కోసమే కదా అనుకుంది. మళ్లీ, నిజంగా బిడ్డ కోసమేనా అనుకుంది. వేడి పప్పు కడుపులో పడగానే కళ్లలో నీళ్లు తిరిగిన మాట నిజం. అవి బిడ్డవి కావు, తనవే. రెండో ముద్ద దిగింది. ఆ తర్వాతది ఎప్పుడు దిగిందో తెలియలేదు.

అలవాటు ఎంత తొందరగా అయిందంటే ఆమెకే భయం వేసింది. పాండురంగం కొన్నాళ్లు విసుక్కున్నాడు, తర్వాత స్టేషన్లో గొప్పగా చెప్పుకోవడం మొదలుపెట్టాడు. "మా ఇంట్ల బొంబాయి మందు నడుస్తున్నది. మస్తు సఖ్తు పథ్యం, జరంత గూడ తప్పొద్దు" అని. మామ పాలవాడితో ఇంకో గ్లాసు పాలు మాట్లాడాడు. జర్మనీ యుద్ధం వచ్చి జొన్నల ధర పెరిగిందని రోజూ సణిగే మనిషి, పథ్యం అనేసరికి కిక్కురుమనలేదు. ద్రౌపది కాళ్ల వాపు తగ్గింది. బావి దగ్గర రెండు బిందెలు ఎత్తుకుని మధ్యలో ఆగకుండా వస్తోంది. లోపల బిడ్డ తన్నుతోంది, ముందు పుట్టి పోయినవాడు ఇట్లా ఎన్నడూ తన్నలేదు. ఎంత మంచి మందో అనుకుని సీసాకు దండం పెట్టుకునేది. అబద్ధం ఆడినా మందు మాత్రం నిజమే కదా అని మనసుకు సర్దిచెప్పుకునేది.

ఎనిమిదో నెలలో ఇందుబాయి ఆమె వేలు పొడిచింది. రంగు చూసింది. మళ్లీ ఇంకో వేలు పొడిచింది. భాగ్యవతిని పిలిచి ఏదో ఇంగ్లీషులో అడిగి, ద్రౌపది కనురెప్పలు కిందికి లాగి చూసింది. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, "ఇలా కావడానికి లేదే" అంది మరాఠీలో.

ద్రౌపదికి మరాఠీ బాగానే వచ్చు. "తక్కువైందా డాక్టర్ బాయి?" అని అడిగింది భయంగా.

"ఎక్కువైంది. చాలా ఎక్కువైంది. నువ్వు బాగయ్యావు. అదే నాకు అర్థం కావడం లేదు." ఇందుబాయి కాసేపు తటపటాయించింది. "చూడమ్మా, ఈ నెలతో పరీక్ష అయిపోతోంది కనుక చెప్తున్నాను. వచ్చినవాళ్లలో సగం మందికి మందిచ్చాం. సగం మందికి అదే రంగు, అదే చేదు కలిపిన నీళ్లిచ్చాం. నీ సీసాలో నీళ్లే ఉన్నాయి."

ద్రౌపదికి ఆ మాట తలకెక్కలేదు. "నీళ్లా?" అంది.

"అలా చేస్తేనే కదా మందు పని చేసిందో లేదో తెలిసేది. మందు తాగినవాళ్లు, తాగనివాళ్లు, ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి చూడాలి."

"నేను చస్తనని మీరే అన్నరు. అని నీళ్లిచ్చిన్రా?"

ఇందుబాయి మొహం ఎర్రబడింది. ఆమె చెడ్డ మనిషి కాదు, ఆ ప్రశ్న ఆమెను ఇంతకుముందు ఎవరూ అడిగి ఉండరు. "ఈ మందు పని చేస్తుందని మాకూ తెలియదమ్మా," అంది నెమ్మదిగా. "తెలిస్తే రేపు ఎన్నో వేలమందికి ఇవ్వొచ్చు." కాస్త ఆగి, "ఇంట్లో ఇంకేమన్నా తీసుకున్నావా? వేరే మందు? నాటు మందు?" అని అడిగింది.

దాచాలని ద్రౌపదికి అనిపించలేదు. కోపం వచ్చిందో, ఏడుపు వచ్చిందో తెలియని గొంతుతో మొత్తం చెప్పేసింది. అత్త సీసా పట్టుకుని నిలబడ్డం, తన నోటి నుంచి పథ్యం ఊడిపడ్డం, పప్పు, పాలు, పీట మీంచి మొగుణ్ణి లేపడం. చెప్తుంటే భాగ్యవతి కిటికీ వైపు తిరిగింది. ఇందుబాయి నవ్వలేదు. పెన్ను తీసి మూత పెట్టింది, మళ్లీ తీసింది.

"అయితే నీ పేరు ఈ లెక్కలోంచి తీసెయ్యాలి," అంది.

"ఎందుకు? నేను బాగైన గద."

"బాగైంది నీళ్లతో కాదు, మందుతో కాదు. తిండితో. మేం చూసేది మందును, తిండిని కాదు."

"మరి తిండిని ఎవలు చూస్తరు?"

"అది ఇంట్లోవాళ్లు చూసుకోవాలమ్మా," అంది ఇందుబాయి చివరికి. ఆ మాట ఆమెకే నచ్చనట్టుంది. "ఇక సీసా ఇవ్వను. నీకు అక్కర్లేదు. నొప్పులు రాగానే వచ్చెయ్. నేను ఉంటాను."

వరండా మెట్ల దగ్గర భాగ్యవతి వెనక నుంచి వచ్చింది. అటూ ఇటూ చూసి, "అక్కా, ఇంట్ల ఏమన్నవో మల్లొకసారి చెప్పు," అంది గొంతు తగ్గించి. "మా ఇంట్ల గూడ సంగతి గంతే." ద్రౌపది మళ్లీ చెప్పింది. ఆ పిల్ల ఒక్కొక్క మాటకూ తలూపుతూ విని లోపలికి పోయింది.

దారంతా ద్రౌపదికి అదే ఆలోచన. మందు అనుకున్నది నీళ్లు. అబద్ధం అనుకున్నదే మందు. తను దండం పెట్టుకున్న సీసా ఏమీ చెయ్యలేదు, తను దొంగిలించాననుకున్న రొట్టెలే బిడ్డను నిలబెట్టాయి. మరి ముందు పోయిన వాళ్లిద్దరూ? ఆ ఆలోచన వచ్చి ఆమె నడిరోడ్డు మీద ఆగిపోయింది. వెనక బండివాడు అరిస్తే పక్కకు జరిగింది. వాళ్లకు రోగం లేదా అయితే? తనకు రోగం లేదా? గిన్నె తుడుచుకుని తిన్నందుకు పోయారా ఇద్దరూ? ఎవరూ పెట్టనని అనలేదే. తనూ అడగలేదే. అడగొచ్చని కూడా తెలియదే. మొగుడి మీద కోపం వచ్చింది, అంతలోనే అతను గడప మీద కూర్చుని కాచుకున్న మొహం గుర్తొచ్చింది. అత్త మీద కోపం తెచ్చుకోబోయింది, ఆమెకు పోయిన ఇద్దరు పిల్లలూ గుర్తొచ్చారు. చివరికి ఎవరిని తిట్టుకోవాలో తెలియక కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చుకుంటూ నడిచింది. ఇప్పుడు సీసా లేదు. సీసా లేనిదే పథ్యం లేదు. కాన్పుకు ఇంకా నెల పైన ఉంది, ఆ తర్వాత పాలివ్వాలి. రేపు పొద్దున మళ్లీ ఆ గిన్నె అడుగు.

ఇంటికి వచ్చేసరికి పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. ఆలస్యమైందని రత్నమ్మే పొయ్యి రాజేసినట్టుంది. మామ పీట మీద కూర్చున్నాడు. పాండురంగం చేతులు కడుక్కుంటున్నాడు. రత్నమ్మ కోడలి ఒట్టి చేతులు చూసింది.

"సీసా ఏది?"

"ఇయ్యలేదత్తమ్మా. మందు అయిపోయింది. రక్తం బాగైందట."

"దేవుడు సల్లగ చూసిండు," అన్నాడు పాండురంగం. ఇంకో పీట లాక్కుని కూర్చుని, "పథ్యం గూడ అయిపోయినట్టేనా మరి? మస్తు ఆకలైతుంది. పెట్టుండ్రి," అన్నాడు.

మళ్లీ ఒక అబద్ధం ద్రౌపది నాలుక చివరికి వచ్చి కూర్చుంది. బతికినన్నాళ్లూ పథ్యం చెయ్యాలంది డాక్టరమ్మ అంటే సరిపోతుంది. ఎవరూ ఎదురు చెప్పరు. అత్తే కాపలా కాస్తుంది. బొంబాయి డాక్టరు మాటకున్న విలువ ఈ ఇంట్లో ద్రౌపది ఆకలికి లేదని ఆమెకు తెలుసు. రేపు ఎవడో దవాఖానకు పోయి అడిగొచ్చినా, ఇందుబాయి కూడా కాదనకపోవచ్చు. ఇంత సులువైన దారి ఎదురుగా ఉండగా ఎందుకు నోరు రావడం లేదో ఆమెకు అర్థం కాలేదు. అయినా వెళ్లి పొయ్యి దగ్గర విస్తరి వేసుకుంది. పెనం మీది వేడి రొట్టె తీసి అందులో పెట్టుకుంది. గట్టిపప్పు వేసుకుంది. మొగుడు నోరు తెరిచి చూస్తున్నాడు.

"మందే అయిపోయినంక పథ్యమెందుకే పిల్లా?" అంది రత్నమ్మ. "డాక్టరమ్మ ఇంక చెయ్యమన్నదా?"

ద్రౌపది కూర్చుంది.

"అనలేదత్తమ్మా. ముందు గూడ ఆమె అనలే. నాకు ఆకలైతే నేనే అన్న."