మూత తియ్యని రొట్టె

వీరాయమ్మకి లోకంలో నచ్చనివి చాలా ఉన్నాయి గానీ, రొట్టె కాలుతుండగా మూత తీసి చూసే ఆడవాళ్ళంటే మాత్రం ఒళ్ళు మండిపోతుంది. పక్కింటి సత్యదుర్గ అలాంటిదే. కుంపటి ముందు కూర్చున్న దగ్గర్నుంచి మూత తీస్తుంది, పెడుతుంది, మళ్ళీ తీస్తుంది. "అది రొట్టె కాదమ్మా, జ్వరమొచ్చినవాళ్ళకి పెట్టే ఇడ్లీ. మూత తీసి చూసేదానికి కుంపటెందుకూ, హోటలుకి పోయి కొనుక్కు తింటే సరిపోదూ?" అని వీరాయమ్మ గోడవతలికి వినబడేలాగే అనేది. సత్యదుర్గకి వినబడేది కూడాను. అయినా మూత తియ్యడం మానలేదు, సిగ్గులేని మనిషి.

దిబ్బరొట్టె అంటే కింద నిప్పు, పైన నిప్పు. మినప్పిండిలో వరినూక కలిపి, దళసరి ఇత్తడి గిన్నెలో నూనె కాగాక బెత్తెడు మందాన పోసి, ఇనప మూత వేసి, ఆ మూత మీద కొబ్బరి డొక్కల నిప్పులు పరుస్తారు. మధ్యలో మూత కదిపితే బూడిద లోపలికి రాలుతుంది, పొంగిన పిండి చప్పబడిపోతుంది. అందుకని ఎప్పుడు దింపాలో చెప్పాల్సింది కన్ను కాదు, ముక్కు. పిండి వాసన పోయి, మినప్పప్పు వేగిన వాసన వచ్చి, అది కమ్మగా ముదిరి, ఇంక మాడబోతుందనగా దింపెయ్యాలి. ఒక్క నిమిషం అటయితే పచ్చి, ఇటయితే బొగ్గు. అంబాజీపేట పక్కన ఆ ఊళ్ళో చలి మొదలయ్యిందంటే, పొద్దున్నే మంచు కొబ్బరిచెట్ల మొవ్వుల్లోంచి దిగకముందే ఇంటిల్లిపాదికీ రొట్టె, చెరుకు పానకం పెట్టి, "వీరాయమ్మ రొట్టె" అనిపించుకున్న ముక్కు ఆవిడది.

కొడుకు నాగసతీష్ కిందటేడు పెళ్ళి చేసుకుని, పెళ్ళాం కేకులు నేర్చుకుందని అమలాపురం నుంచి కరెంటు ఓవెన్ మోసుకొచ్చేడు. కొబ్బరికాయల లారీలో, డ్రైవరు పక్కన కూర్చోబెట్టి మరీ తెచ్చేడు. దానికో గాజు తలుపు, లోపలో దీపం. పని అయిపోతే టింగుమని గంట కూడా కొడుతుంది.

"లోపలేం జరుగుతుందో చూస్తూ కూచోడానికి అదేవన్నా టీవీయా? గంట కొట్టి పిలిచే పొయ్యి! రేపు అన్నం కూడా అదే కలిపి నోట్లో పెడుతుందేమో కనుక్కో" అంది వీరాయమ్మ.

కోడలు సౌజన్య నవ్వి, "ఆయ్ అత్తయ్యగారూ" అంది. ఏమన్నా ఆ పిల్ల అదే మాట. రావులపాలెం పిల్ల, నోట్లో నాలుక లేదు. ఎదురు చెప్పని మనిషిని తిట్టడంలో రుచేముంటుంది? ఆ ఓవెన్ మీద మాత్రం వీరాయమ్మ పాత తువ్వాలొకటి కప్పి, దానిమీద ఊరగాయ జాడీలు పెట్టింది.

అంతవరకూ బాగానే ఉంది. భాద్రపదంలో వానలకి ముసురు పట్టి, వీరాయమ్మకి జ్వరమూ పడిశమూ వచ్చేయి. జ్వరం తగ్గింది. పడిశమూ తగ్గింది. పోతూ పోతూ ముక్కుని వెంట తీసుకుపోయింది.

మొదట నమ్మలేదు. సన్నజాజులు దోసిట్లోకి తీసుకుని మొహానికి అదుముకుంది. ఏమీ లేదు. ఇంగువ డబ్బాలో ముక్కు పెట్టింది. ఏమీ లేదు. ఒకనాడు పూజగదిలో వత్తులు చేసుకుంటుంటే పక్కనే వంటింట్లో పాలు మాడి గిన్నె నల్లబడిపోయింది, ఆవిడకి తెలియనే లేదు. పొగ చూసి పరిగెత్తుకొచ్చిన భర్త సత్తిరాజు "ఏంటే ఇదీ" అంటే, "కోడలమ్మగారు పొయ్యి మీద పాలు పెట్టి సీరియల్ చూస్తున్నారు, అంతకన్నా ఏముంటుందీ" అనేసింది. సౌజన్య పెరట్లో బట్టలు ఆరేస్తోంది అప్పుడు. వచ్చి గిన్నె తోముకుంది.

కార్తీకంలో వేసిన మొదటి రొట్టె బొగ్గయ్యింది. డొక్కలు తడిసేయంది. రెండోది పచ్చిగా వచ్చింది. మినప్పప్పు అమ్మిన కొట్టువాడిని ఏడు తరాలూ తిట్టింది. ఈ సంగతి బయటపడితే ఏం జరుగుతుందో ఆవిడకి తెలుసు. ఎవరూ ఒక్క మాటా అనరు. అదే నరకం. "పాపం, పెద్దదయిపోయింది, కూర్చోనీండి" అని కుర్చీ వేస్తారు. వీధి చివర విజయకుమారి తల్లిని అలాగే టీవీ ముందు కుర్చీలో పెట్టేరు, పప్పులో ఉప్పెంతో కూడా అడగరిప్పుడు. మూత తీసి చూద్దామా అంటే, చూసేవాళ్ళని ఇన్నేళ్ళు తిట్టిన నోరు ఊరుకోనిస్తుందా? సత్యదుర్గ గోడ మీంచి చూసి పకపకా నవ్వదూ?

అదిగో, అప్పుడే సౌజన్యకి వేవిళ్ళు మొదలయ్యేయి.

మూడో రొట్టె వెనక వసారాలో కుంపటి మీద ఉంది. కోడలు అక్కడే కూర్చుని చిక్కుళ్ళు తుంచుతూ తుంచుతూ, ఉన్నట్టుండి చెంగు నోటికి అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరిగెత్తింది. "ఏడ్చినట్టుంది! రొట్టె వాసనకి కూడా డోకేనా మహారాణికి!" అని చిరాకుపడి, ఆ చిరాకులోనే వీరాయమ్మ గిన్నె దింపేసింది. బోర్లించి చూస్తే ఏముంది, రొట్టె బంగారం రంగులో ఉంది. మర్నాడూ అంతే. పప్పు వేగి ముదిరే వాసనే ఆ పిల్లకి పడదు, సరిగ్గా అప్పుడే లేస్తుంది. వీరాయమ్మకి పోయిన ముక్కు కోడలి మొహాన మళ్ళీ మొలిచింది.

ఆనాటినుంచి రొట్టె వేసిన పూటల్లా కోడల్ని కుంపటి పక్కన పీట వేసి కూర్చోబెట్టింది. "కూర్చుని నేర్చుకో. గంట కొట్టే పొయ్యి కాదు ఇది" అనేది. వేవిళ్ళ పిల్లని పొగలో కూలేస్తోందని సత్యదుర్గ వీధంతా చెప్పుకొచ్చింది. సత్తిరాజు కూడా నసిగేడు. "అదేవన్నా గాజుబొమ్మా? నేను నొప్పులొచ్చేదాకా పిండి రుబ్బేను" అని వీరాయమ్మ ఒక్క కసురు కసిరితే ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నాడు. మార్గశిరం గడిచింది, పుష్యం గడిచింది. రొట్టెలన్నీ బంగారమే. వీరాయమ్మ మళ్ళీ గోడవతలికి వినబడేలా మాట్లాడడం మొదలెట్టింది.

మాఘం రాగానే రాజోలు నుంచి ఫోన్ వచ్చింది. సత్తిరాజు అప్పగారు సుబ్బమ్మ. ఏటా చలికాలంలో ఒకసారి తమ్ముడింటికి వచ్చి, రొట్టె తిని, వంక పెట్టి వెళ్ళడం ఆవిడ ఆనవాయితీ.

"ఆదివారం వస్తున్నానమ్మా వీరాయమ్మా. నీకా ఓపిక తగ్గింది. ఈసారి రొట్టె కోడలిచేత ఆ ఓవెన్లో వేయించకూడదూ? నువ్వు కాస్త కూర్చోవచ్చు" అంది.

ఆ 'కూర్చోవచ్చు' అన్న మాట వీరాయమ్మ గుండెలో గుచ్చుకుంది. "తమరు రండి వదినగారూ, కూర్చోడం సంగతి తర్వాత చూద్దాం" అని ఫోన్ పెట్టేసి, పళ్ళు నూరింది.

శనివారం సాయంత్రం ఇంకో పిడుగు పడింది. సౌజన్య వెల్లుల్లి కారం అన్నంలో ఎర్రగా కలుపుకుని, వేళ్ళు నాక్కుంటూ తింటోంది. వేవిళ్ళున్న పిల్ల అలా తింటుందా? అయిదో నెల వచ్చేసింది కదా, తగ్గే వేళే. ఏ అత్త అయినా సంతోషించే సంగతి. వీరాయమ్మ మాత్రం నీరుగారిపోయి, "ఒంట్లో ఎలా ఉందే? డోకు గానీ వస్తోందా?" అని ఆశగా అడిగింది.

"అప్పుడప్పుడూ అండి" అంది సౌజన్య, తల వంచుకుని.

అప్పుడప్పుడూట! రేపు పొద్దున్న వస్తుందా రాదా అని అడగాలనుంది. ఎలా అడుగుతుంది?

ఆదివారం పొద్దున్న మంచు ముద్దగా పట్టింది. సుబ్బమ్మ ఆటో దిగింది. రగ్గు కప్పుకుని, తలకి మఫ్లరు చుట్టుకుని, ముందుగదిలో తమ్ముడి పక్కన పీట మీద కూర్చుంది. "మా అమ్మ వేసేది రొట్టె. వీధి మొదట్లోకి వచ్చేది వాసన. ఇప్పుడేవీ ఆ రొట్టెలు, అంతా అట్లపిండి" అని అప్పుడే మొదలెట్టింది. నాగసతీష్ కిసుక్కున నవ్వేడు. వాళ్ళకక్కడికి వాసన వచ్చేసరికి వెనక వసారాలో రొట్టె మాడిపోయినట్టే లెక్క. వాళ్ళ ముక్కులు ఎందుకూ పనికిరావు.

వీరాయమ్మ పిండి పోసింది, మూత వేసింది, నిప్పులు పరిచింది. పక్కన పీట మీద సౌజన్య అల్లం పొట్టు తీస్తోంది. ఆ మొహంలో వికారం లేదు, చెమట లేదు, నిగనిగలాడుతోంది. నిగనిగలాడే వేళేనా ఇది! గిన్నె అంచున సన్నగా ఆవిరి లేచింది. నూనె చిటపటలు తగ్గేయి. వీరాయమ్మ ముక్కు ఎగబీల్చింది. చల్లగాలి తప్ప ఏమీ లేదు. గోడవతల సత్యదుర్గ గాజుల చప్పుడు వినిపించింది. పట్టకారు పట్టుకున్న చెయ్యి మూతవైపు వెళ్ళింది, వెనక్కి వచ్చింది. జీవితంలో మొదటిసారి ఆవిడకి ఏడుపొచ్చింది, ఒక రొట్టె కోసం.

"ఏంటమ్మా, రొట్టా, యాగమా?" అని లోపల్నుంచి సుబ్బమ్మ కేక పెట్టింది.

అప్పుడు సౌజన్య అల్లం ముక్క కింద పడేసి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, పెరట్లోకి పరిగెత్తింది.

వీరాయమ్మ నిప్పులు తోసేసి, గిన్నె దింపి, పళ్ళెంలో బోర్లించింది. రొట్టె చుట్టూ కరకర, నడుమ దూది. నలుగురి ముందూ కోసి పెట్టింది. సుబ్బమ్మ పానకంలో అద్దుకుని మొదటి ముక్క తిన్నది. రెండో ముక్క అడిగి పెట్టించుకుంది. అది కూడా అయ్యేక మూతి తుడుచుకుని, "పరవాలేదు. ఉప్పొకటి తక్కువయ్యింది" అంది.

ఉప్పు తక్కువట! ఏ వంకా దొరకలేదని ఒప్పుకోడానికి అంతకంటే మర్యాదైన మాట ఆవిడకి చేతకాదు. వీరాయమ్మ మూతి మూడు వంకర్లు తిప్పి వసారాలోకొచ్చింది. వచ్చేక గుర్తొచ్చింది, కోడలింకా లోపలికి రాలేదని. కడుపుతో ఉన్న పిల్ల, పెరట్లో కళ్ళు తిరిగి గానీ పడిపోలేదు కదా అని చెంబుతో నీళ్ళు పట్టుకుని గబగబా వెళ్ళింది.

సౌజన్య బట్టలుతికే బండ మీద కూర్చుని ఉంది. డోకూ లేదు, నీరసమూ లేదు. నిమ్మళంగా జాంకాయ కొరుక్కు తింటోంది. అత్తగార్ని చూసి గభాలున లేచి, జాంకాయ కొంగు చాటున పెట్టుకుంది.

"డోకొచ్చిందిగా నీకు?" అంది వీరాయమ్మ.

సౌజన్య జాంకాయని కొంగు చాటున ఇంకా లోపలికి తోసింది.

"ఏమే, నిన్నే!"

"లేదండి అత్తయ్యగారూ. రొట్టె మాడిపోతుందేమోనని…"

వీరాయమ్మ చెంబు బండ మీద పెట్టింది. "ఎప్పట్నించి తెలుసే నీకు?"

"పాలు మాడిన్నాడే అండి. బట్టలారేస్తున్నదాన్ని, నాకే పెరట్లోకి వాసన కొట్టింది. మీరు పక్కనే కూర్చుని వత్తులు చేసుకుంటున్నారు."

"మరి డోకులూ?"

"మొదట్లో నిజంగానే వచ్చేవండి. మార్గశిరంలోనే తగ్గిపోయేయి."

మార్గశిరంలో తగ్గితే పుష్యమాసం అంతా ఏంటి మరి? చలిలో ఇల్లంతా వేడి రొట్టె తింటుంటే, ఈ పిల్ల పెరట్లో నిలబడి, అందరూ తిన్నాక వచ్చి చద్దన్నం తినేది. రొట్టె వాసనకే పరిగెత్తిన పిల్ల మళ్ళీ వచ్చి రొట్టె పెట్టమని ఎలా అడుగుతుంది? వీరాయమ్మ మాత్రం అడిగిందా? "దానికి పడదులే" అని ఆ ముక్క కూడా కొడుక్కే వడ్డించింది. రోజూ.

గిరుక్కున తిరిగి లోపలికి వెళ్ళింది. పళ్ళెంలో ఆఖరి ముక్క ఉంది, అడుగంతా ఎర్రగా కాలి కరకరలాడే ముక్క. సుబ్బమ్మ దానికేసే చూస్తోంది.

"ఆ ముక్కిలా వెయ్యమ్మా, పానకం మిగిలిపోయింది" అంది సుబ్బమ్మ.

"పానకం తాగెయ్యండి వదినగారూ, చలికి మంచిది" అని వీరాయమ్మ పళ్ళెం తీసుకుని పెరట్లోకి నడిచింది.

పళ్ళెం కోడలి చేతిలో పెట్టి, తనూ బండ మీద కూలబడింది. సౌజన్య భయం భయంగా ఒక ముక్క తుంచింది, తర్వాత పెద్ద ముక్క తుంచింది.

"డోకొచ్చే మనిషి అలాగేనా పరిగెత్తేదీ?" అంది వీరాయమ్మ. "లేడిపిల్లలా గంతులేస్తూ! నేను గుడ్డిదాన్ని కాబట్టి సరిపోయింది. ఆ నాటకం కూడా సరిగ్గా రాదు నీకు."

"ఆయ్."

"రేపట్నుంచి పరుగులు పెట్టకు, కడుపుతో ఉన్నదానివి. పక్కనే కూర్చుని 'అత్తయ్యగారూ' అను, చాలు. ఆ దొంగమొహం సత్యదుర్గకి వినబడకుండా అను."

"ఆయ్ అత్తయ్యగారూ."

మంచు విడుతోంది. కొబ్బరాకుల మీంచి చుక్కలు బండ మీద పడుతున్నాయి. వీరాయమ్మ పళ్ళెం కేసి చూసింది, అటూ ఇటూ చూసింది, గొంతు తగ్గించింది.

"ఎలా ఉందే వాసన?"

సౌజన్య బుగ్గ నిండా రొట్టె ఉంది. ఆగమన్నట్టు చెయ్యి ఊపి, "ముందు తిననివ్వండి, చెప్తాను" అంది.

ఇంకెవరైనా అయితే ఆ మాటకి వీరాయమ్మ చేతిలో అయిపోయేవారు. వీరాయమ్మ నోరు మూసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కోడలు తినడం అయ్యేదాకా కూర్చుంది.