నిండని ట్యాంకు

వడ్డేపల్లిలో మా పక్కింటి మహిపాల్‌కు గొప్ప చెప్పుకోవడానికి ఒకటే ఆస్తి ఉండేది. ఇల్లు కట్టిన నాటి నుంచి ఒక్కసారి కూడా నిండని సెప్టిక్ ట్యాంకు. అడుగున గచ్చు వేస్తానన్న మేస్త్రీని తిట్టి మరీ వద్దన్నాడు. ఇంటికొచ్చిన చుట్టానికి చాయ్ కంటే ముందు ఆ సంగతే చెప్పేవాడు. వీధివాళ్లమంతా కుళ్లుకుని, మేమూ అలాగే కట్టుకున్నాం. మా తెలివి అంత.

పంచాయతీ కార్యదర్శి తేజస్విని మా బోరు నీళ్లను పరీక్షకు పంపాక ఆ పరువు కాస్తా పోయింది. నీళ్లలో నైట్రేట్ ఎక్కువుందట, పసిపిల్లలకు ప్రమాదమట, ట్యాంకులన్నిటికీ అడుగు వేయించాల్సిందేనట. కాచి తాగుతామన్నాడు మహిపాల్. కాచితే నీళ్లు తగ్గుతాయి గానీ నైట్రేట్ తగ్గదని ఆమె చెప్పింది. తన ట్యాంకు అసలు నిండనే నిండదని అతను మళ్లీ మొదలుపెట్టాడు.

"మరి అందులోది ఎటు పోతున్నదనుకున్నరు?" అని ఆమె పక్కనే ఉన్న బోరు వైపు చూసింది.

ఈ ముచ్చట అత్తారింట్లో ఐదో నెల కడుపుతో ఉన్న మహిపాల్ కూతురు పూజకు చేరింది. తొలి కాన్పుకు పుట్టింటికి రానని ఫోన్‌లో చెప్పేసింది. డబ్బా నీళ్లు కొందామని తల్లి బాలనాగమ్మ ఏడ్చింది.

"నాయిన సంగతి నాకు తెల్వదా? డబ్బా పారబోసి బోరు నీళ్లు పడ్తడు. గచ్చు చేసిన ట్యాంకు కట్టి, అది నిండినట్టు చూపిస్తేనే వస్త."

కూతురు రాదంటే మహిపాల్‌కు అన్నం సహించలేదు. అడుగూ గోడలూ గచ్చు చేయించి కొత్త ట్యాంకు కట్టించాడు. అది నిండితేనా! ఇంట్లో ఉన్నది మొగుడూ పెళ్లాలిద్దరే, ఎంతని నింపుతారు? చివరికి సిగ్గు విడిచి వీధిలోకొచ్చి, పొద్దున్నే మా ఇంటికే రండని అందరినీ బతిమాలాడు. వచ్చినవాళ్లకు చాయ్. పొలం తగాదాతో మాటలు మానేసిన పాలివాడు వెంకట్రాములు కూడా చెంబు పట్టుకుని వచ్చాడు. అతనికి రెండు చాయ్‌లు.

ట్యాంకు నిండిన రోజు మహిపాల్ మూత తీసి, వీడియో తీసి కూతురికి పంపాడు. అలాంటి వీడియో చూసి సంతోషంతో ఏడ్చిన ఆడపిల్ల మా జిల్లాలో ఇంకొకతె ఉండదు.

పూజ వచ్చింది. బోరు బాగుపడటానికి ఏళ్లు పడుతుందని తేజస్విని ముందే చెప్పింది. కొన్న నీళ్లు తన గడప తొక్కవని ఒట్టేసుకున్న మహిపాల్, డబ్బా భుజాన పెట్టుకుని కూతురికి ఎదురొచ్చాడు.

"ఇన్నేండ్లు మన గలీజు మనమే తాగినం బిడ్డా. నీ పిల్లకు మాత్రం తాపను."

అక్కడున్న మాలో ఎవరూ నవ్వలేదు. మా ట్యాంకులు ఇప్పటికీ నిండలేదు.