మకెరెతా పేరు మీద తొమ్మిది మంది

ఇద్దరు పోలీసులు వచ్చి మకెరెతాను కుర్చీలోంచి లేపేటప్పటికి ఆమె ముందున్న టీ ఇంకా పొగలు కక్కుతూనే ఉంది. పక్క కుర్చీలో లవేనియా తల తిప్పలేదు. మెల్‌బోర్న్‌లో ఎవరో ముసలాయన మోకాలి ఆపరేషన్ కాగితాలు టైపు చేస్తూ, ఒకే అంకెను నాలుగుసార్లు కొట్టింది. ఆ గదిలో నూట ముప్పై మంది ఉన్నారు. ఒక్కరు కూడా లేవలేదు.

మకెరెతా అరవలేదు, ఏడవలేదు. బల్ల కింద విడిచిన చెప్పులు వేసుకోనివ్వమని అడిగింది. వేసుకుని, వంగి, లవేనియా చెవి దగ్గర అంది:

"వదినా, ఆ టీ పారబొయ్యకు. నువ్వు తాగు."

లవేనియా తాగలేదు. సాయంత్రం తుడిచేవాడు వచ్చి పారబోశాడు.

వాళ్ళిద్దరూ నిజంగానే వదినా మరదళ్ళ వరస. మేనత్త మేనమామ పిల్లలు. ఫిజీలో ఆ వరసవాళ్ళు కలిస్తే నోటికి తాళం ఉండదు. నీ లావు చూసి బస్సువాడు రెండు టికెట్లు కొట్టాలి వదినా అని ఒకరంటే, నీ వంట తిన్నాకే మా అన్న పడవెక్కి పారిపోయాడు అని ఇంకొకరు. లవేనియా మొగుడు నిజంగానే చేపల పడవ మీద పనిచేస్తాడు, ఏడాదికి రెండు నెలలు ఇంట్లో ఉంటాడు. ఆరేళ్ళుగా పక్కపక్క కుర్చీల్లో నవ్వుకుంటూ పనిచేసిన మనుషులు. అలాంటిది ఆ రోజు లవేనియా తల కూడా తిప్పలేదు. ఎందుకు తిప్పలేదో చెప్పడానికే ఈ కథ.

ఫిజీ రాజధాని సువాలో వాలు బే రేవు పక్కన, గోదాముల వరసలో ఉంది ఆ కంపెనీ. ఆస్ట్రేలియా ఆస్పత్రుల కాగితాలు అక్కడికి వస్తాయి, అక్కడివాళ్ళు వాటిని కంప్యూటర్లో ఎక్కిస్తారు. ఎక్కించే సాఫ్ట్‌వేర్ ఇంకో పెద్ద కంపెనీది. దానికి మనిషికొక లైసెన్సు కొనాలి. ఒక పేరు, ఒక మనిషి. ఈ కంపెనీ కొన్నది అరవై. కుర్చీల్లో కూర్చోబెట్టింది నూట ముప్పై మందిని.

మరి మిగిలిన డెబ్బై మంది ఎలా పనిచెయ్యాలి? మేనేజరు హాస్కెల్ మొదటి ఏడాదే అందరినీ నిలబెట్టి చెప్పాడు. "మీలో కెరెకెరె అనే గొప్ప ఆచారం ఉంది కదా. అదే ఇక్కడా వాడుకోండి."

జనం చప్పట్లు కొట్టారు. ఆ మాట తెల్లవాడి నోట వినేసరికి మురిసిపోయారు. వాళ్ళు చేసిన తప్పల్లా అదే. కెరెకెరె అంటే అక్కడ చిన్న మాట కాదు. చుట్టం వచ్చి కెరెకెరె అని అడిగితే ఉప్పైనా, చొక్కా అయినా, పడవైనా లేదనకూడదు. అడిగినవాడికి సిగ్గు లేదు, కాదన్నవాడికే సిగ్గు. తరతరాలుగా పేదవాళ్ళు ఒకరినొకరు బతికించుకున్న పద్ధతి అది. దాన్ని తీసుకెళ్ళి వాడు తన కక్కుర్తికి కాపలా పెట్టుకున్నాడు. వాళ్ళేమో గర్వంగా నవ్వారు.

అడిగితే కాదనలేనివాళ్ళలో మకెరెతా మొదటిది. ఆమె పాస్‌వర్డు వాళ్ళమ్మ పుట్టిన ఊరు పేరు. గదిలో అందరికీ నోటికొచ్చు. లవేనియా పక్కకు వంగి "వదినా, కెరెకెరె, నీ పేరు" అంటే తెరమీంచి చూపు తిప్పకుండా కనుబొమలు ఎగరేసేది. అంటే సరేనని. లవేనియాకు లైసెన్సు లేదు. ఆరేళ్ళు ఆ కనుబొమల మీదే బతికింది.

రెండేళ్ళ కిందట ప్రతి కంప్యూటరుకూ ఒక కెమెరా వచ్చింది. పది నిమిషాలకోసారి కుర్చీలో ఉన్న మనిషి ఫొటో తీస్తుంది. ఎవరు ఎంతసేపు లేచారు, ఎంతసేపు వేళ్ళు ఆడలేదు, అన్నీ రాసుకుంటుంది. మనమధ్య నమ్మకం పెరగడానికే ఇది అన్నాడు హాస్కెల్. పొన్సామి కాకా వెనకనుంచి గొణిగాడు. "నా పెళ్ళాం కూడా నన్నింత నమ్మలేదురా నాయనా." భారతదేశం నుంచి వలసెళ్ళిన కూలీల మనవడు, చెరకు మిల్లులో ఇరవై ఏళ్ళు యూనియన్ జెండా మోసి, మిల్లు మూశాక ఇక్కడికొచ్చి రెండు వేళ్ళతో టైపు కొట్టుకునే మనిషి. అతని మాటకు నవ్వడం అందరికీ అలవాటే. వినడం మాత్రం అలవాటు కాలేదు.

తర్వాత ఏమైందంటే, సాఫ్ట్‌వేర్ సొంతదారులు తనిఖీకి వచ్చారు. మకెరెతా అనే పేరు మీద ఒకే గంటలో ఆమె కాక ఇంకో తొమ్మిది మంది పనిచేస్తున్నట్టు తేలింది. కంపెనీ దొరికిపోయింది. హాస్కెల్ ఏమాత్రం తడుముకోలేదు. మాకు తెలియకుండా మా పనివాళ్ళు దొంగతనంగా పంచుకున్నారు, అసలు దొంగ ఈవిడే అన్నాడు. అది రుజువు కావడానికి అందరి దగ్గరా ఒక కాగితం మీద సంతకం తీసుకున్నాడు. నేను నా సొంత పేరుతో తప్ప ఇంకొకరి పేరుతో ఎప్పుడూ పనిచెయ్యలేదు, అదీ అందులో ఉన్న ముక్క.

పొన్సామి ఒక్కడే అడిగాడు. "సార్, లోపల నాకు పేరే లేదు కదా. మరి ఆరేళ్ళు ఏ దేవుడి పేరు మీద పనిచేశాను?"

సంతకం పెట్టకపోతే తలుపు అటు అని చూపించాడు హాస్కెల్. పొన్సామి పెట్టాడు. పేరు లేని డెబ్బై మందీ పెట్టారు. లవేనియా కూడా, ఇద్దరు పిల్లల మొహాలు తలుచుకుని, పెట్టింది. పెట్టేటప్పుడు ఆమె కంప్యూటర్లో మకెరెతా పేరే తెరిచి ఉంది. దాన్ని తప్పంటున్నానా? అంటున్నాను. అది తప్పని లవేనియాకు నాకంటే బాగా తెలుసు.

మర్నాడే పోలీసులు వచ్చారు.

మకెరెతాకు బెయిలు దొరికింది. సోమ, బుధ, శుక్రవారాలు స్టేషన్‌కి వెళ్ళి సంతకం పెట్టి రావాలి. ఉద్యోగం పోయింది. చర్చిలో పాటలవాళ్ళ వరసలో నిలబడటం తనే మానేసింది. ఎవరూ పొమ్మనలేదు. దొంగ పాడితే ఎవరు వింటారు అందట తల్లితో.

ఆరో వారం బుధవారం వాన కురుస్తోంది. లవేనియా ఎక్కిన బస్సు పోలీస్ స్టేషన్ ముందు స్టాపులో ఆగింది. కిటికీకి అడ్డంగా వేసిన పట్టా సందులోంచి చూస్తే, కింద గొడుగు పట్టుకుని మకెరెతా. ఆమె చూసింది. కనుబొమలు ఎగరేసింది. ఎప్పటిలాగే, ఏమీ జరగనట్టు. లవేనియా చటుక్కున అవతలివైపు తిరిగి, ఎదురుగా ఉన్న సబ్బు ప్రకటన చదవడం మొదలుపెట్టింది. బస్సు కదిలిపోయింది.

శుక్రవారం అదే స్టాపులో మకెరెతా కూలబడింది. ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. రక్తపోటు, మెదడులో నరం చిట్లింది అన్నారు డాక్టర్లు. బ్యాగులో స్టేషన్ కాగితం, ప్లాస్టిక్ కవరులో భద్రంగా, తడవకుండా ఉంది.

సోమవారం హాస్కెల్ అందరికీ ఈమెయిల్ పంపాడు. మన కుటుంబ సభ్యురాలి మరణానికి చింతిస్తున్నాం, చూడటానికి పది మందికి రెండు గంటల సెలవు ఇస్తున్నాం అని.

భోజనాల గదిలో డబ్బాలు తెరవలేదు ఎవరూ. సెతారెకి అనే కుర్రాడు, కొత్తగా పెళ్ళయినవాడు, గోడకానుకుని అన్నాడు, ఆవిడకి ముందునుంచీ బీపీ ఉంది కదా, మనం చంపలేదు కదా అని. ఎవరో అవునన్నారు. ఇంకెవరో, పది మందిమీ వెళ్దాం, చావింటికి ఇచ్చే ఆచారం ప్రకారం చాపలు ఇచ్చి, ఏడ్చి వద్దాం, ఇప్పుడు పాతవి తవ్వితే ఉన్న పని కూడా పోతుంది అన్నారు. మాటలు పెరిగాయి. నీకు లైసెన్సుంది నువ్వెన్నయినా చెబుతావని ఒకరు, లైసెన్సున్న మా పేర్లే రేపు దొంగ పేర్లవుతాయని ఇంకొకరు.

లవేనియా లేచింది. ఆమె గొంతు అందరికీ వినిపించేంత పెద్దది కాదు. అయినా వాదన ఆగింది.

"ఆ తొమ్మిది మందిలో నేనున్నాను. వదినను లేపి తీసుకుపోతుంటే కూడా నేను ఆవిడ పేరు మీదే కూర్చుని ఉన్నాను."

సెతారెకి నేల చూస్తూ, నేనూ ఉన్నాను అన్నాడు. ఇంకో మూల నుంచి ఇంకొకరు. ఒప్పుకున్నవాళ్ళను లెక్కపెడుతున్న పొన్సామి అది మానేసి కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"ఆ కెమెరా మన మొహాలన్నీ తీసింది గదరా. ఎవరి పేరు మీద ఎవరు కూర్చున్నారో రెండేళ్ళ ఫొటోలు వాడి దగ్గర ఉన్నాయి. వాడికి తెలియందేముంది? అన్నీ తెలిసే ఆవిణ్ణొక్కదాన్నే పట్టించాడు."

అంత చిన్న సంగతి ఆరు వారాలు ఎవరికీ తట్టలేదు. భయం ఉన్నచోట బుర్ర పనిచెయ్యదు.

పది మంది కాదు, డెబ్బై మంది వెళ్ళారు, సువా పక్కన నసీనూలో మకెరెతా ఇంటికి. పెరట్లో రేకుల పందిరి, చాపల మీద చుట్టాలు. ఫిజీ పద్ధతిలో తప్పు చేసినవాళ్ళు యంగోనా అనే మొక్క వేర్ల కట్ట ముందు పెట్టి, తల వంచి, క్షమించమని అడగాలి. పెద్దవాళ్ళు ముట్టుకుని చప్పట్లు కొడితే క్షమించినట్టు. లవేనియా మోకాళ్ళ మీద పాకుతూ వెళ్ళి కట్ట పెట్టింది. జరిగిందంతా చెప్పింది, బస్సులో తల తిప్పుకున్న సంగతితో సహా.

మకెరెతా మేనమామ ఇలైతియా రేవులో మూటలు మోసి ముసలైన మనిషి. కట్ట వైపు చాలాసేపు చూశాడు. చెయ్యి చాపలేదు.

"దీన్ని నేను ముట్టుకోనమ్మా. మీ మీద కోపంతో కాదు. మీరు అబద్ధం చెప్పింది నా చాప మీద కాదు. ఎక్కడ సంతకం పెట్టారో అక్కడికెళ్ళి నిజం చెప్పి రండి. అందాకా ఇది మీరే మొయ్యండి."

అలా కట్ట తిప్పి పంపడం ఆ పందిట్లో ఎవరూ ఎరగరు. లవేనియా దాన్ని ఎత్తుకుంది. గుమ్మం దాటబోతుంటే మకెరెతా తల్లి, చెవులు సరిగా వినపడని ముసలమ్మ, ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"టీ తాగకుండా వెళ్తావేంటే?"

లవేనియాకు అప్పుడు ఏడుపొచ్చింది. ఆరు వారాల ఏడుపు. టీ తాగలేక, కాదనలేక, ఆ గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది.

మర్నాడు పొద్దున ఎనిమిదికి అందరూ వచ్చారు, ఎవరూ కూర్చోలేదు. నూట ముప్పై కెమెరాలు నూట ముప్పై ఖాళీ కుర్చీల ఫొటోలు తీసుకున్నాయి. పొన్సామి రెండు వేళ్ళతో కొట్టిన కాగితం లవేనియా చదివింది. మేము పెట్టిన సంతకం అబద్ధం, పెట్టించింది కంపెనీ, ఫొటోలన్నీ పోలీసులకు ఇచ్చేదాకా వేలు కదపం, ఇదీ సారాంశం. హాస్కెల్ మొదట నవ్వాడు. తర్వాత, మీ మీద నాకున్న నమ్మకమంతా పోయింది అన్నాడు.

"ఉన్నప్పుడేగా కెమెరా పెట్టావు" అంది లవేనియా.

వాన పడుతున్నా నడిచి స్టేషన్‌కి వెళ్ళారు. మకెరెతా వెళ్ళిన దారినే. బల్ల వెనక సార్జెంటు గుంపును చూసి, వాళ్ళిచ్చిన కాగితం చదివి, ఏంటిది, మకెరెతా పేరు వాడింది ఎవరు అని అడిగాడు. వాకిలి నిండా కనుబొమలు పైకి లేచాయి.

"నోటితో చెప్పాలి. రాసుకోవాలి నేను."

లవేనియా చెప్పింది. సెతారెకి చెప్పాడు. తనిఖీలో బయటపడిన ఆ గంటలో ఆ పేరు మీద ఉన్న తొమ్మిది మందీ ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. సార్జెంటు ఫోన్ చేసి ఎవరితోనో మాట్లాడాడు. హాస్కెల్ ఫొటోల మాట ఎవరూ రాసుకోలేదు. తొమ్మిది మందిని మాత్రం లోపల వేశారు. లవేనియా వెంట మోసుకొచ్చిన యంగోనా కట్టను లోపలికి తీసుకెళ్ళనివ్వలేదు. లవేనియా దాన్ని పొన్సామి చేతిలో పెట్టింది.

మిగతావాళ్ళు కదల్లేదు. మధ్యాహ్నానికి గోడ అవతలి గోల పెరిగింది. ఎవరో కొత్తవాళ్ళు వచ్చారు. మూడో గోదాములో ఫోన్లు మాట్లాడే కంపెనీవాళ్ళట. మా దగ్గరా ఇంతే, నలభై పేర్లకు తొంభై మందిమి, మా చేతా సంతకం పెట్టించారు అని ఒకామె చెప్పడం కటకటాల దాకా వినిపించింది.

ఆ తర్వాత గోల ఒక్కసారిగా ఆగింది. లవేనియా చెవి గోడకు ఆనించింది. పొన్సామి గొంతు, వచ్చీరాని ఫిజీ మాటల్లో తడబడుతూ, క్షమించమని అడుగుతోంది. మాటలు తప్పులే, ఎవరూ నవ్వలేదు. తర్వాత చప్పట్లు. అరచేతులు దొప్పల్లా చేసి కొట్టినట్టు, లోతుగా, నిదానంగా, మూడు.

ఇలైతియా లోపలికి వచ్చాడు, తడిసిన బట్టలతో, చేతిలో ఫ్లాస్కుతో. సార్జెంటు వద్దనబోయి, ఆ ముసలాయన మొహం చూసి ఊరుకున్నాడు.

"కట్ట ముట్టుకుని నా వంతు క్షమాపణ నేను తీసుకున్నానమ్మా. మకెరెతా వంతు తీసుకోవడానికి అది లేదు" అన్నాడు. ఫ్లాస్కు మూత తిప్పి కటకటాల మధ్యనుంచి ఇచ్చాడు. "మా అక్క పంపింది. నిన్న తాగకుండా పోయావట."

టీ పొగలు కక్కుతోంది. లవేనియా రెండు చేతులతో పట్టుకుంది, చల్లారేదాకా ఆగలేదు, నోరు కాలుతున్నా ఒక్క చుక్క మిగల్చకుండా తాగింది.