పాటలన్నీ మా ముగ్గురివీ

గార్డీ పాముతోలు బూట్లు వేసుకొచ్చిన రోజే నాకు అనుమానం రావాల్సింది. ఎనభై నాలుగులో, అమెరికాలోని మా ఆక్రన్ ఊళ్లో, మా బ్యాండ్ల జనం ఎవరూ అలాంటివి వేసుకునేవాళ్లు కాదు. పాత బట్టల దుకాణంలో చొక్కా కొనుక్కుని, చిరిగితే పిన్నీసు పెట్టుకునేవాళ్లం. "ఎక్కడివిరా?" అంటే "ఇచ్చార్లే" అన్నాడు. ఎవరిచ్చారో చెప్పలేదు.

మా బ్యాండ్‌లో ముగ్గురం. గార్డీ గిటార్ వాయిస్తూ పాడతాడు. వాళ్ల నాన్న బ్యాంకు మేనేజరు. బేస్ గిటార్ డెల్‌ది, నోట్లో నాలుక లేని మనిషి. నా పేరు రెట్టా. డ్రమ్స్ నావి, పాటల్లో మాటలూ నావే. రేడియో మా పాటలు వేసేది కాదు, బార్లు పిలిచేవి కావు. పోతే పోనీ అని మాజీ సైనికుల సంఘం హాలు ఆదివారం సాయంత్రాలు అద్దెకు తీసుకుని మేమే వాయించేవాళ్లం. రికార్డు మేమే అచ్చు వేయించుకుని, దాని అట్టలు మా అమ్మ వంటింటి బల్ల మీద మడిచి జిగురు పెట్టేవాళ్లం.

ఆ అట్టల మీద ఎవరి పేరూ ఉండదు. వెనక కింద మూలన "పాటలన్నీ మా ముగ్గురివీ" అని ఉంటుంది, అంతే. మా ఊళ్లో ఏ బ్యాండ్ రికార్డు తిప్పి చూసినా ఇలాంటి మాటే కనిపిస్తుంది. పెద్ద కంపెనీల రికార్డుల మీద పేర్లు చీమల్లా పాకుతుంటాయి. మాకా రోగం లేదని మా గర్వం. అందరికంటే ఎక్కువ గర్వం నాకే.

మా పాటల్లో జనం అరిచి అరిచి అడిగేది ఒకటుంది. అది మా అమ్మ పాట, ఓపల్ ఆమె పేరు. నేను పుట్టక ముందు నుంచీ అమ్మ టైర్ల ఫ్యాక్టరీలో పనిచేసింది. ఫ్యాక్టరీ మూసేసిన రోజు ఇంటికొచ్చి, సింకులో తల పెట్టి జుట్టు రుద్దుకుంటూ, "గేటు మూశారు సరే, నా జుట్టులో ఈ రబ్బరు వాసనని ఎవడు మూస్తాడే?" అంది. ఆ మాటే పల్లవి అయింది. ఆదివారాల్లో అమ్మ చెవుల్లో దూది పెట్టుకుని హాల్లో వెనక నిలబడేది. ఆ మాట రాగానే చెయ్యి పైకెత్తేది, హాజరు పలికినట్టు.

ఆ ఆదివారం నేను డ్రమ్ములు బిగించుకుంటుంటే లాస్ ఏంజెలెస్ నుంచి ఒక రికార్డు కంపెనీ మనిషి వచ్చాడు. ఒళ్లంతా సెంటు వాసన. నా చెయ్యి ఊపేస్తూ, "రబ్బరు పాట రాసినాయన మాకు దొరకడం అదృష్టమండీ," అన్నాడు.

"ఎవరా ఆయన?"

"గార్డీ గారే. సంతకం కూడా పెట్టేశారు."

నా అరికాలి మంట నెత్తికెక్కింది. గార్డీ తేలు కుట్టిన దొంగలా తీగలు సవరించుకుంటున్నాడు.

"ఏరా, మా అమ్మ పాట ఎప్పుడు రాశావు? నీ జన్మలో టైరు మార్చిన మొహమేనా నీది?"

"అరవకే తల్లీ. కాగితం మీద ఒక పేరు ఉండాలన్నారు, పెట్టాను. పాట బయటికెళ్తే మనందరికీ మంచిదేగా?"

"మనందరికా? బూట్లు నీ కాళ్లకే ఉన్నాయి కదరా!"

కంపెనీ మనిషి మొహం మాడిపోయింది. "చూడండి, కాగితం ఇంకా నా జేబులోనే ఉంది. నిజంగా ఎవరు రాశారో తేలితే మార్చేస్తాను," అంటూ డెల్ వైపు తిరిగాడు. "మీరు చెప్పండి బాబూ."

నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆ మాటలు నేను రాస్తుంటే డెల్ పక్కనే ఉన్నాడు. వాడికి కాఫీ కలిపిచ్చింది కూడా మా అమ్మే.

డెల్ పెట్టెలోంచి మా రికార్డు తీసి, వెనక మూలన వేలు పెట్టాడు. "ముగ్గురం రాశాం. ఇదిగో, రాసే ఉంది."

"డెల్! నీకు తెలీదట్రా?"

"తెలుసు. పోయినేడు నేను కట్టిన వరసకి నా పేరు వెయ్యమన్నాను, గుర్తుందా? 'పేరు కావాలంటే సమాధిరాయి మీద చెక్కించుకోరా' అన్నావు. అందరి ముందూ అన్నావు. ఇప్పుడు నీకు కావాల్సొచ్చిందా పేరు?"

వాడు అంతసేపు మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఏడాది నుంచీ ఆ మాట దాచుకున్నాడు వెధవ. చెంప పగలగొట్టాలనిపించింది. ఏం చెప్పి పగలగొట్టను? అన్నది నేనే.

"రికార్డు మీద ఎవరి పేరూ లేదు, కాగితం మీద ఒకరి సంతకం ఉంది. నాకిది చాలండీ," అని కంపెనీ మనిషి జేబు తడుముకుని వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు.

పాటలు వినే కుర్రాళ్లు హాల్లోకి వచ్చేశారు. వాయించక తప్పలేదు. అమ్మ పాట నా డ్రమ్ కర్రల దెబ్బతోనే మొదలవ్వాలి. మామూలు వేగానికి రెండింతలు కొట్టాను. గార్డీకి ఊపిరి అందలేదు. సగం మాటలు మింగేశాడు, మిగతా సగం ఉమ్మేశాడు. వాడు వెనక్కి తిరిగి కళ్లురిమినప్పుడల్లా ఇంకా గట్టిగా బాదాను. జనం అది కొత్త వరస అనుకుని గంతులేశారు. అమ్మ చెయ్యెత్తేసరికి ఆమె మాట ఎప్పుడో దాటిపోయింది. కంపెనీ మనిషి మాత్రం నవ్వుతూ తల ఊపాడు. ఆ రోజు గార్డీతో మాట్లాడటం మానేశాను, డెల్‌తో కూడా. బ్యాండ్ అక్కడితో సరి.

మళ్లీ ఆ పాట విన్నది చాలా నెలల తర్వాత, అమ్మతో సరుకులకెళ్లిన సూపర్‌మార్కెట్లో, డబ్బా చిక్కుళ్ల వరసలో. పైనున్న స్పీకరులోంచి వచ్చింది. జోలపాటంత నిదానం, వెనక వయొలిన్లు. గార్డీ గొంతులో తేనె కారుతోంది. అమ్మ సరుకుల బండి తోయడం ఆపేసింది. పల్లవిలో తన మాట రాగానే ఆమె చెయ్యి సగం లేచి, ఆగి, మళ్లీ బండి మీదికొచ్చింది.

పాట అయ్యాక రేడియోవాడు గార్డీ పేరు చెప్పాడు. రాసిందీ పాడిందీ ఆయనేనని మెచ్చుకున్నాడు.

"వాడికేం తెలుసే రబ్బరు వాసన?" అంది అమ్మ.

"దొంగవెధవ. నా పాట తినేశాడు. వాడు, ఆ డెల్ గాడు కలిసి..."

"నీ రికార్డు మీద నీ పేరెందుకు లేదు మరి?"

"మేం పేర్లు వేసుకోమమ్మా. అది మా పద్ధతి. ఎన్నిసార్లు చెప్పాను నీకు?"

అమ్మ ఒక డబ్బా తీసి, ధర చూసి, మళ్లీ అక్కడే పెట్టింది.

"నీ పేరు నీ ఇష్టం. వేసుకో, మానుకో. అందులో నా మాట ఉంది కదే. నా పేరు వెయ్యనా అని ఒక్కసారైనా అడిగావా?"

అమ్మ బండి తోసుకుంటూ ముందుకెళ్లిపోయింది.