రేకుల కింద మాటలు

శీతాకాలమైనా కురబిన్ ఊళ్ళో మధ్యాహ్నం ఎండ చురుక్కుమనేది. కోర్టు మీది రేకులు వేడెక్కి, కింద మాట్లాడిన మాటలన్నీ పీల్చుకునేవి. పొద్దువాలి చల్లబడేటప్పుడు టిక్కుటిక్కుమంటూ ఒక్కొక్కటే వదిలేవి. ముసలమ్మలు ఊలు అల్లుకుంటూ వరండాలో కూర్చుని వినేవాళ్ళు. అలాంటి సాయంత్రాలు ఇప్పుడెక్కడివి!

బ్రిస్బేన్ నుంచి ఏడాదికి రెండుసార్లు వచ్చే జడ్జి హాలోరన్‌గారికి మాత్రం ఈ సంగతి తెలీదు. ఆయన ఎప్పుడూ మూడింటికే లేచి హోటలుకి వెళ్ళిపోయేవారు.

ఆ ఏడు జూన్ చలికాలంలో గొర్రెల ఉన్ని కత్తిరించే కోలిన్ మీద కేసు నడిచింది, యజమాని కొట్టం తగలబెట్టాడని. రుజువైతే ఏడేళ్ళు జైలు. అతన్ని పెళ్ళాడబోయే ఐవీ మూడురోజులుగా వెనక బెంచీ వదల్లేదు.

పన్నెండుమంది జ్యూరీ తమ గదిలోకి వెళ్ళారు. అందరిదీ ఒకే మాట కావాలి. రొట్టెలు కాల్చే స్టాన్ ఒక్కడే "దోషి" అననని మొండికేశాడు.

తలుపు దగ్గర కాపలా ముసలి మెర్విన్. కోర్టు అనుమతి లేనిదే ఎవరినీ లోపలికి పంపనని బైబిలు పట్టుకుని ప్రమాణం చేశాడు. జడ్జిగారే కేకుల పళ్ళెంతో వచ్చేసరికి పక్కకి జరిగాడు.

"జడ్జి లోపలికెందుకెళ్ళాడు మెర్వ్?" అంది ఐవీ.

"కేకులివ్వడానికి."

"కేకులకి పావుగంటా?"

"ఆయనే కదమ్మా కోర్టు. ఆయన్నాపడానికి నేనెవర్ని?"

ఆరోజు తీర్పు కోసం జడ్జిగారూ ఆగాల్సొచ్చింది. ఐదింటికి జ్యూరీ బయటికొచ్చింది. స్టాన్ తల దించుకున్నాడు. అతను ఒప్పేసుకున్నాడని ఐవీకి తెలిసిపోయింది. తీర్పు చెప్పడానికి జ్యూరీ పెద్ద లేచి నిలబడ్డాడు. అప్పుడే రేకులు టిక్కుమన్నాయి.

పైనుంచి హాలోరన్‌గారి గొంతు, కేకు నములుతూ: "చూడు స్టాన్, పదకొండుమంది ఒకవైపున్నారు. కళ్ళున్నది నీ ఒక్కడికేనా? ఆ కుర్రాడికి పెద్ద శిక్ష వెయ్యనులే. ఒప్పేసుకుంటే అందరం ఇళ్ళకి పోతాం."

ఎవరూ ఆశ్చర్యపోలేదు. "నయం, పొద్దున కోర్టులో మా ఆయన దగ్గిన దగ్గు అడ్డం రాలేదు," అంది వరండాలో ఓ ముసలమ్మ.

జడ్జిగారు తల పైకెత్తి రేకులవంక చూశారు.

"ఆ మాటలు నావే. నేను ఆ గదిలోకి వెళ్ళకూడదు," అన్నారు. "ఈ జ్యూరీని పంపేస్తున్నాను. ఇంకో జడ్జి, ఇంకో పన్నెండుమంది ఈ కేసు మళ్ళీ వింటారు."

సెప్టెంబరులో ఆ కొత్త పన్నెండుమందీ ఎవరి పలకరింపూ లేకుండా కూర్చుని, కోలిన్ నిర్దోషి అన్నారు. అప్పటికి మధ్యాహ్నం రెండు. కోలిన్ బోను దిగి ఐవీ దగ్గరికొచ్చాడు.

"పద, మనింటికి పోదాం."

ఐవీ కదల్లేదు. చెయ్యి పట్టుకుని అతన్నీ బెంచీ మీద కూర్చోబెట్టింది.

"ఇంకా ఇక్కడేం పని?"

"పొద్దువాలనీ," అంది. "నిర్దోషి అన్న ఆ మాట ఇంకోసారి వినాలి."